కప్ప పెట్టె: ఒక సరిహద్దు బడిలో ప్రాజెక్టు డైరీ

చోటు: ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడికి దగ్గర్లో ఒక ప్రభుత్వ బడి, 1 నుంచి 8 తరగతులు. తెలుగు ఇళ్ల పిల్లలు ఎక్కువ, ఒడియా ఇళ్ల పిల్లలు కొందరు, కొండ దిగువ ఊళ్ల నుంచి నడిచి వచ్చే సవర తెగ పిల్లలు కొందరు. చాలామంది తండ్రులు సూరత్ మరమగ్గాల దగ్గరో, చెన్నై, హైదరాబాద్ కట్టుబడి పనుల్లోనో ఉంటారు. పిల్లలు నానమ్మ, అమ్మమ్మల దగ్గర పెరుగుతారు.

పని: పిల్లలు ఒకరినొకరు నొప్పించుకోవడం తగ్గాలి. మనసు బాగోలేని పిల్లకు అదే రోజు ఒక పెద్ద మనిషి ఆసరా అందాలి. "అదే రోజు" అన్న మాట దగ్గరే ఇలాంటి పనులు ఎక్కువగా చతికిలపడతాయి.

జూన్ మూడో వారం

గోడల మీద సూక్తులు రాయించలేదు. ముందు నొప్పి ఎక్కడ పుడుతోందో తెలియాలి. నాలుగు చార్టు కాగితాలు అతికించి బడి పటం గీశాం: గదులు, వరండా, వంటగది, బోరింగు, మరుగుదొడ్లు, గేటు, గేటు బయటి దారి. 3వ తరగతి నుంచి పైవాళ్లకు తలా మూడు చింతపిక్కలు, రెండు కుంకుడు గింజలు ఇచ్చాం. భయం వేసే చోట, ఏడిపించే చోట చింతపిక్క పెట్టాలి. హాయిగా ఉండే చోట కుంకుడు గింజ. గురివింద గింజలు ఎర్రగా బాగుంటాయని ఎవరో ఒకరు తెస్తారు, వాడొద్దు. నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

మొదటి రోజు జట్లుగా పంపితే ముందువాడు పెట్టిన చోటే అందరూ పెట్టారు. రెండో రోజు పాత దుప్పటి తెర కట్టి ఒక్కొక్కరినే లోపలికి పంపాం. బయటికి రాగానే గింజ పడిన చోట పెన్సిలు చుక్క పెట్టి, గింజలు తీసి, తర్వాతివాళ్లను పిలిచాం. తలా నిమిషంన్నర పడుతుంది, ముప్పై మందికి ఒక పీరియడు.

తరగతి గదుల్లో చింతపిక్కలు తక్కువ. బోరింగు దగ్గర, మరుగుదొడ్ల వెనక, మధ్యాహ్న భోజనం వరసలో గుట్టలు పడ్డాయి. ఒక పూట నిలబడి చూస్తే భోజనం సంగతి తేలింది. ఒకటే వరస, ఒకటే గరిట, పెద్దపిల్లలు మధ్యలో దూరతారు. గుడ్డు రోజున తమ వంతు వచ్చేసరికి పులుసే మిగులుతుందని చిన్నవాళ్ల భయం. ఆ భయమే మోచేతి పోట్లుగా, తిట్లుగా బయటికి వస్తోంది. 1 నుంచి 4 తరగతులకు పది నిమిషాల ముందే వడ్డన పెట్టించాం. గుడ్లు తల లెక్కన వేరే గిన్నెలో ఉంచమని వంటవాళ్లతో మాట్లాడాం. బోరింగు దగ్గర తోపులాట తగ్గడానికి వరండాలో మూతలున్న బిందెలు రెండు, గ్లాసులు ఆరు పెట్టాం. ఈ మూడు మార్పులకు ఖర్చు దాదాపు లేదు. ప్రాజెక్టు మొత్తంలో ఇంత తొందరగా ఫలితం ఇచ్చినవి వేరే లేవు.

మరుగుదొడ్ల వెనక చోటుకు మాత్రం మందు అంత సులువు కాదు. అక్కడి పొదలు కొట్టించి, విరామంలో ఒక టీచరు అటు నడిచేలా వంతులు రాశాం. వంతు కాగితం రెండో వారానికే గోడ మీద బొమ్మ అయిపోయింది. మళ్లీ హెడ్ మేష్టారు సంతకం పెట్టే రిజిస్టరులోకి ఎక్కించాక నిలబడింది.

జూలై

"ఏటయ్యిందిరా?" అంటే పిల్లలందరిదీ ఒకటే జవాబు: "ఏటీ నేదు మేష్టారూ." చెప్పకూడదని కాదు, చెప్పడానికి మాట నోటికి రాదు. అందుకే మాటల కార్డులు చేశాం. సంతోషం, దుఃఖం, కోపం, భయం అని నాలుగు మొహాలు గీసి ఊరుకుంటే మన భాషకే అన్యాయం. పన్నెండు మాటలు తీసుకున్నాం: సంతోషం, నెమ్మది, దిగులు, బెంగ, కోపం, అలక, ఉక్రోషం, భయం, బెరుకు, చిన్నబోవడం, కుళ్లు, విసుగు.

ఇన్ని ఎందుకంటే, ఒక్కోదానికి అందించాల్సిన ఆసరా వేరు. అలక దగ్గరివాళ్ల మీదే వస్తుంది, పరాయివాళ్ల మీద ఎవరూ అలగరు. ఎవరైనా వచ్చి బుజ్జగిస్తారన్న ఆశ అందులో దాగి ఉంటుంది. అలిగిన పిల్లను "దానంతట అదే దిగివస్తుంది" అని వదిలేస్తే అది మెల్లగా దిగులైపోతుంది. ఉక్రోషం అలా కాదు. ఎదుటివాణ్ణి ఏమీ చెయ్యలేక లోపలే ఉడికిపోవడం అది. అప్పుడే వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే విదిలించి కొడతాడు. ముందు నీళ్లు, నాలుగడుగుల నడక, పది నిమిషాల ఎడం, ఆ తర్వాతే మాట. పదిమందిలో చిన్నబోయిన పిల్లను పదిమందిలోనే ఓదార్చకూడదు, మరింత చిన్నబోతుంది. ఓదార్పు పక్కకు పిలిచి, పోయిన పరువు నిలబెట్టే పని పదిమందిలో, ఒక పద్యం చదివించో, హాజరు పట్టీ తెమ్మని పంపో. బెంగకు మాటలతో ఓదార్పు చాలదు, ఆ దూరపు మనిషి గొంతు కావాలి. టీచర్లతో మొదటి రెండు సమావేశాలూ ఈ తేడాల మీదే గడిచాయి. గడవాల్సిందే.

కార్డుల పని: 4×6 అంగుళాల ముక్కలు, పాత క్యాలెండర్ల అట్ట. బొమ్మలు పిల్లలే గీశారు. ఫోన్లలో కనిపించే పసుపు మొహాలు చూపిస్తే ఒకటో తరగతి పిల్లలు ఏడుపు మొహాన్ని "దెబ్బ తగిలింది" అని చదివారు. అలకకు వాళ్లు గీసిన బొమ్మ: అన్నం కంచానికి వీపు తిప్పి కూర్చున్న పిల్ల. మైదా జిగురుతో అంటించిన మొదటి సెట్టు వానకు బూజు పట్టింది. రెండోసారి ఫెవికాల్, పైన సెల్లో టేపు. తరగతికి ఒక సెట్టు, మొత్తం 96 కార్డులు.

"బెంగ" కార్డు చూసి ఒడియా పిల్లలు పగలబడి నవ్వారు. ఒడియాలో బెంగొ అంటే కప్ప. "రాగొ" అంటే వాళ్లకు కోపం, తెలుగు పిల్లలకు రాగం అంటే పాట. కార్డులు మార్చలేదు, రెండు లిపుల్లోనూ రాసి బెంగ కార్డు మూలన చిన్న కప్ప బొమ్మ వేయించాం. నవ్వొచ్చే మాట పైకి చెప్పడానికి పిల్లలు తక్కువ జంకుతారు. "మేష్టారూ, ఇయ్యాళ కప్ప" అంటే నాన్న గుర్తొస్తున్నాడని. నెల తిరిగేసరికి ఇది బడి మాట అయిపోయింది.

సవర మాటలు టీచర్లు ఊహించి రాయలేదు. 6, 7 తరగతుల సవర పిల్లల్ని అడిగి, ఇంట్లో పెద్దవాళ్లతో సరిచూసుకు రమ్మని, రెండు వారాలు ఆగాం. గిడుగు రామమూర్తి ఈ పర్లాకిమిడిలోనే బడి మేష్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలో పాఠాలు రాశారు. అదే ఊరి పక్కన సవర పిల్ల తన దిగులు పరాయి మాటలో చెప్పుకోవాల్సి రావడం సరికాదు.

ఆగస్టు

పొద్దుటి పలకరింపు. మొదట గోడకు పటం తగిలించి, పిల్లలు తమ పేరున్న బట్టల క్లిప్పును ఆ రోజు మాట పక్కన పెట్టాలన్నాం. ఐదు రోజుల్లో తీసేశాం. "కుళ్లు" దగ్గర క్లిప్పు పెట్టిన పిల్లను సాయంత్రం దాకా ఆ పేరుతోనే పిలిచారు. ఇప్పుడు హాజరు పిలిచినప్పుడు చెయ్యి గుండెకు ఆనించి వేళ్లు చూపిస్తారు: ఐదు వేళ్లు హాయి, ఒక వేలు బొత్తిగా బాగోలేదు. టీచరుకు తప్ప ఎవరికీ కనపడదు. 35 మందికి నాలుగు నిమిషాలు. ఒకటి, రెండు వేళ్లు చూపినవాళ్ల పేరు పక్కన చుక్క, విరామంలో పలకరింపు. చుక్క పెట్టి పలకరించకపోతే మూడో రోజు నుంచి అందరూ ఐదు వేళ్లే చూపిస్తారు. రెండు తరగతుల్లో అచ్చం ఇలాగే జరిగింది. మళ్లీ నమ్మకం రావడానికి నెల పట్టింది.

గుండ్రంగా కూర్చునే పీరియడు: బుధవారం, శనివారం, 25 నిమిషాలు. చేతికి చేతికి నున్నగా అరగదీసిన కొబ్బరి చిప్ప మారుతుంది. చిప్ప ఉన్నవాళ్లే మాట్లాడాలి. చెప్పాలని లేకపోతే పక్కకు ఇచ్చెయ్యొచ్చు. ఇంకొకరి పేరు ఎత్తకూడదు. 35 మంది ఒకే గుండ్రంలో కూర్చుంటే పదో పిల్ల దగ్గరికి వచ్చేసరికి మిగతావాళ్లు గడ్డి పీక్కుంటూ ఉంటారు. పన్నెండు నుంచి పదిహేను మంది దాటకూడదు. మిగతావాళ్లకు ఆ వేళ బొమ్మల పని.

ప్రశ్న ఎలా అడుగుతామన్నది ముఖ్యం. "నీ బాధ చెప్పు" అంటే మౌనం, లేదా పక్కవాడు చెప్పిందే మళ్లీ. "ఈ వారం నీకు ఎవరైనా చోటిచ్చారా?", "దారిలో నీకు నచ్చని మలుపు ఏది?", "ఇంట్లో నువ్వు ఎవరిని నవ్విస్తావు?" లాంటివి పనిచేశాయి. మొదటి మూడు వారాలు తేలిక ప్రశ్నలే. నాలుగో వారం రాకముందే కష్టం అడిగితే గుండ్రం చెడుతుంది.

ఆగస్టు 29, గిడుగు పుట్టినరోజు. తెలుగు భాషా దినోత్సవం పద్యాలు అయ్యాక మూడు భాషల కార్డుల ఆట ఆడించాం. ఒకరు మాట్లాడకుండా నటించాలి, మిగతావాళ్లు మూడు భాషల్లోనూ పేరు చెప్పాలి. ఆ రోజు సవర పిల్లలే అందరికీ మాట నేర్పారు.

సెప్టెంబరు

పెట్టె. ప్లైవుడ్, 12×8×8 అంగుళాలు, చీటీ వేసే సందు ఐదు అంగుళాల పొడవు, పెన్సిలు దూరనంత సన్నం. రెండు తాళాలు, రెండు వేర్వేరు చేతుల్లో తాళంచెవులు, ఒక మేష్టారు, ఒక దీదీ (టీచరమ్మ). ఒక్కరే తెరిస్తే ఆ ఒక్కరి మీద వచ్చిన చీటీ ఎక్కడికీ చేరదు. నేల నుంచి మూడు అడుగుల ఎత్తు, ఒకటో తరగతి పిల్లకు అందాలి. ఆఫీసు గది ముందు పెడితే భయం. మరీ మూల పెడితే అటు వెళ్లినవాళ్లే అనుమానం. నీళ్ల బిందెల పక్కన పెట్టాం, అందరూ వెళ్లే చోటు. పిల్లలు దానికి పెద్ద ఆకుపచ్చ కప్పను గీశారు, నోరే సందు.

పెట్టె దగ్గర అసలు చిక్కు ఒకటే: చీటీ వేసిన పిల్ల కనబడిపోతుంది. దీనికి శనివారం ఒక పీరియడులో అందరికీ ఒకే కొలత చీటీలు పంచుతాం. అందరూ వెయ్యాలి. రాయాల్సింది లేకపోతే చుక్క పెట్టి వెయ్యాలి. రాయడం రానివాళ్లు కార్డు బొమ్మ గీసి తరగతి అంకె వేస్తారు. మాట్లాడాలనుకుంటే మూలన సున్నా చుట్టాలి. మిగతా రోజుల్లో ఎప్పుడైనా వెయ్యొచ్చు. పెట్టె ప్రతిరోజూ భోజనం అయ్యాక తెరుస్తాం. ఏ రోజైనా తెరవలేకపోయేట్టుంటే ఆ రోజు సందు మూసి ఉంచుతాం. చీటీ మింగి కూర్చున్న పెట్టె కన్నా మూసిన పెట్టె నయం.

మొదటి వారాల్లో పితూరీలే ఎక్కువ: వాడు నా పెన్ను తీశాడు, ఇది నా సీటు. విసుక్కోకూడదు. చిన్న చీటీకి జవాబు వస్తుందో లేదో చూసుకున్నాకే పిల్లలు పెద్ద చీటీ వేస్తారు.

చదివిన చీటీలు మూడు రకాలుగా విడదీస్తాం. ఆకుపచ్చ: తరగతి టీచరు చూసుకునేవి. పసుపు: పదేపదే ఏడిపించడం, ఇంట్లో గొడవలు, అన్నం తినకపోవడం, వారంలోగా రెండుసార్లు విడిగా మాట్లాడాలి. ఎరుపు: ఒంటి మీద చెయ్యి వేయడం, చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట, పెళ్లి చేసేస్తారన్న మాట. ఎరుపు చీటీ సాయంత్రం గంట కొట్టేలోపే హెడ్ మేష్టారు దాకా వెళ్లాలి. పిల్లను ఒక్కరే, ఒక్కసారే అడగాలి. నలుగురు నాలుగుసార్లు అడిగితే పిల్లకు మళ్లీ మళ్లీ అదే గాయం. పిల్ల అన్న మాటలు అన్నట్టే రాసుకోవాలి, మన భాషలోకి దిద్దకూడదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను. లైంగిక హింస అయితే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, "ఊళ్లో సర్దుకుంటాం" అనే వీలు బడికి లేదు. చచ్చిపోవాలన్న మాట వచ్చిన పిల్లను ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ఇంటి పెద్ద వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. మనసు బాగోలేనివాళ్లకు ప్రభుత్వ ఫోను సాయం టెలిమానస్ 14416 (2022 అక్టోబరు 10 నుంచి పనిచేస్తోంది) తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడుతుంది. నంబరు రెండు లిపుల్లో కప్ప కిందే రాసి ఉంది.

"ఎవరికీ చెప్పను" అని పిల్లకు మాట ఇవ్వకూడదు. "నీకు ప్రమాదమైతే సాయం చేసేవాళ్లకు చెప్తాను, ఎవరికి చెప్పేదీ నీకు ముందే చెప్తాను" అనాలి. ఈ వాక్యం టీచర్లందరి చేతా కంఠతా పట్టించాం.

అక్టోబరు

సెలవులకు ముందు మొదలుపెట్టి, నడవక, ఆపేసిన పని ఒకటి: మంచి పనికి నక్షత్రం. ఎవరికైనా సాయం చేస్తే పేరు పక్కన నక్షత్రం అంటించడం. తొమ్మిది రోజుల్లో పట్టిక తీసేశాం. పుస్తకం కావాలని కింద పడేసి, స్నేహితుడి చేత తీయించి, ఇద్దరూ టీచరు దగ్గరికి పరుగెత్తారు. సంచి మోస్తానంటే వద్దన్న పిల్లతో పోట్లాట పెట్టుకున్నారు. ఏ పిల్లకూ సాయం చేసే అవకాశం రాని రోజు ఉంటుందని మేం ఆలోచించలేదు. ఇప్పుడు గుండ్రంలో సాయం అందుకున్నవాళ్లే చెప్తారు, చేసినవాళ్లు చెప్పరు. నక్షత్రాలు లేవు.

ఈ నెలలో గాలి భయం. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 వేకువన పలాస దగ్గర తీరం దాటింది. గజపతి కొండల్లో చరియలు విరిగి మనుషులు పోయారు. అప్పుడు ఒళ్లో ఉన్న పిల్లలకు అది గుర్తుండదు. కానీ గాలి లేవగానే పెద్దవాళ్ల మొహాలు మారడం ఏటా చూస్తారు. ఈదురుగాలి రోజున వేళ్లు ఒకటికి, రెండుకు దిగిపోతాయి. "ఏం కాదులే" అనడం పనిచెయ్యదు, ఏదో అవుతుందని పిల్లకు తెలుసు. చేతికి పని ఇవ్వాలి. తరగతి వారీగా: తుపాను రక్షణ కేంద్రానికి దారి గీయడం, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలో జతలు కట్టడం, పుస్తకాల సంచికి పాలిథీన్ కవరు కుట్టడం, ఇంటి ఫోను నంబరు నోటికి నేర్వడం. తుపాను వీడియోలు చూపించలేదు, చూపించకూడదు.

నవంబరు

తోడు పిల్లలు. టీచర్లు ఎంచుకుంటే ఫస్టు మార్కుల పిల్లలే వస్తారు. బదులుగా 6 నుంచి 8 తరగతుల్లో రహస్య చీటీ: "మనసు బాగోలేనప్పుడు ఎవరి పక్కన కూర్చోవాలనిపిస్తుంది?" వచ్చిన పేర్లలో సగం టీచర్లు ఊహించనివి. ఆఖరి బెంచీ పిల్లలు, మాట తక్కువ పిల్లలు. తరగతికి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, మూడు భాషలూ ఉండేలా. ఇంటికి చెప్పి ఒప్పించాకే చేర్చుకున్నాం. ఆరు శిక్షణ పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు.

నేర్పింది నాలుగు పనులే: పక్కన కూర్చోవడం, వినడం, విన్నది ఒక్క వాక్యంలో తిరిగి చెప్పడం, పెద్దవాళ్ల దగ్గరికి తోడు వెళ్లడం. "నానున్నాను, కూకో" అన్న మాట చాలు. సలహా ఇవ్వకూడదు, తగువు తీర్చకూడదు, ఆరా తీయకూడదు. వినడం నేర్పడానికి జతలుగా కూర్చోబెట్టి, మొదట రెండు నిమిషాలు కావాలని దిక్కులు చూస్తూ వినమన్నాం, తర్వాత రెండు నిమిషాలు కళ్లలోకి చూస్తూ. తేడా చెప్పమంటే ఒక్కరూ ఆగలేదు.

తప్పు జరిగిన చోటు: బ్యాడ్జీలు. నీలం బ్యాడ్జీ పెట్టగానే ఇద్దరు కాపలా పోలీసులైపోయారు, పేర్లు రాసి తెచ్చారు. బ్యాడ్జీలు తీసేశాం. ఇంకో చిక్కు, విన్న బరువు ఆ పిల్లల మీదే ఉండిపోతుంది. శుక్రవారం ఇరవై నిమిషాలు వాళ్లకోసమే, దీదీ దగ్గర. ఆ ఇరవై నిమిషాలు కుదరని బడి తోడు పిల్లల పని మొదలుపెట్టకపోవడమే మంచిది. మూడు నెలలకు జట్టు మారుతుంది.

నెమ్మది మూల: వరండా చివర ఈతచాప, కుండ, పలక, బంకమట్టి ముద్ద, పళ్లెంలో పెసలూ ఉలవలూ కలిపి. ఏరి వేరు చేస్తుంటే చేతులు కుదుటపడతాయి, ఊపిరి నిదానిస్తుంది. పది నిమిషాలు. ఊపిరికి, పువ్వు వాసన చూసినట్టు నాలుగు అంకెలు లోపలికి, దీపం ఆర్పకుండా ఊదినట్టు ఆరు అంకెలు బయటికి, ఐదుసార్లే. ఎక్కువ చేస్తే చిన్నపిల్లలకు తల తిరుగుతుంది. రెండో వారంలో ఒక తరగతిలో "అల్లరి చేస్తే మూలకు పో" అనడం మొదలైంది. మూల అంటే శిక్ష అన్న పేరు పడితే ఇక ఎవరూ రారు. చాపను నాలుగు రోజులు ఎత్తేసి, వేరే చోట వేసి, కొత్త నియమం రాశాం: టీచరు పంపకూడదు, "వెళ్తావా?" అని అడగొచ్చు.

డిసెంబరు

తగువు తీర్చడం. బలవంతపు "సారీ" ఎంతమంది చేత చెప్పించినా మర్నాడు అదే తగువు. నాలుగు ప్రశ్నలు, ఇద్దరికీ అవే: ఏం జరిగింది, అప్పుడు ఏమనిపించింది, ఎవరికి నొప్పి కలిగింది, ఏం చేస్తే సర్దుకుంటుంది. "ఎందుకు చేశావు" అడగం, అబద్ధాలకు దారి అది. ఇది సమానుల తగువుకే. పెద్దవాడు చిన్నవాణ్ణి రోజూ ఏడిపిస్తుంటే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు. బయటికి రాగానే చిన్నవాడికి ఇంకో దెబ్బ పడుతుంది. విడివిడిగా మాట్లాడి, చిన్నవాడి దారి, సీటు, ఆట వేళ ముందు భద్రం చెయ్యాలి.

టీచర్ల మాటలు కూడా పటంలోకి వచ్చాయి. జూన్‌లో గదుల్లో పడిన కొద్ది చింతపిక్కల్లో కొన్ని నల్లబల్ల ముందు పడ్డాయి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను దెబ్బనే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. "మొద్దు", "మీ ఇంట్లో ఎవడు చదివాడని" లాంటివి రాసి పక్కన బదులు వాక్యాలు రాశాం. రెండోదానికి బదులు: "ఇది ఇంట్లో చెప్పేవాళ్లు లేరు కదా, నాలుగింటికి నా దగ్గర కూర్చో." చెప్పడం సులువు, నాలుగింటికి ఉండటం కష్టం. ఇద్దరు టీచర్లు ఉంటున్నారు.

తల్లిదండ్రుల సమావేశం మధ్యాహ్నం పెడితే రారు. ఉడుపులప్పుడు, కోతలప్పుడు అసలే రారు. రామమందిరం దగ్గర దీపాల వేళ పెడితే నానమ్మలు వచ్చారు. దూరాన ఉన్న నాన్నలకు శనివారం పిల్ల గొంతు ఒక నిమిషం రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుతాం. షిఫ్టు దిగాక వింటారు, ఆదివారం జవాబు వస్తుంది. జవాబు రాని పిల్లల పక్కన సోమవారం ఎవరు కూర్చోవాలో ముందే రాసి ఉంచుతాం.

పటం మళ్లీ పరిచాం, అదే తెర, అవే గింజలు. భోజనం వరసలో దాదాపు లేవు. మరుగుదొడ్ల వెనక తగ్గాయి. గేటు బయటి దారి మీద మాత్రం జూన్‌లో ఉన్నన్నీ ఉన్నాయి. అది బడి గోడకు అవతల. జనవరిలో చేయాల్సింది: సవర ఊళ్ల వైపు నడిచే పిల్లల్ని జతలు కట్టడం, దారిలో ఉన్న రెండు కొట్లవాళ్లతో మాట్లాడటం, వానకు ఉబ్బిన పెట్టె సందును ఆకురాయితో రాయడం, కప్పకు రంగు మళ్లీ వెయ్యడం.